జడ్జి గారి మనిషి

మెల్‌బోర్న్‌లో ఒక సుప్రీంకోర్టు జడ్జి గారి దగ్గర పదమూడేళ్ళు టిప్‌స్టాఫ్‌గా పనిచేశాను. టిప్‌స్టాఫ్ అంటే ఏమిటో మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. మొదటి రెండేళ్ళు తెలియనివ్వకుండా నేనే జాగ్రత్తపడ్డాను కాబట్టి తప్పు వాళ్ళది కాదు. జడ్జి గారు హాల్లోకి వచ్చేముందు తలుపు మీద మూడుసార్లు కొట్టి, తలుపు తీసి, అందరినీ లేచి నిలబడమని కేకవేసేవాణ్ణి. ఆయన గౌను తొడుక్కుంటుంటే వెనక పట్టుకునేవాణ్ణి. పుస్తకాలు మోసేవాణ్ణి, గ్లాసులో నీళ్ళు నింపేవాణ్ణి, జ్యూరీ వాళ్ళకు కావలసినవి చూసేవాణ్ణి. మన కోర్టుల్లో జడ్జి గారి ముందు నడిచే డఫేదారు ఉంటాడు చూడండి, ఇంచుమించు ఆ పని.

ఈమధ్య మన పిల్లలు ఇద్దరు ఇక్కడే లా చదివి కోర్టు ఉద్యోగాల్లో చేరారు. "అంకుల్, ఎనీ అడ్వైస్?" అని అడిగారు. ఎవరింట్లోనో బార్బెక్యూ విందు జరుగుతుంటే, చేతిలో ప్లేటు పట్టుకుని చెప్పే సంగతులు కావవి. అందుకని రాస్తున్నాను. జడ్జి గారి పేరు మాత్రం రాయను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నప్పుడు కూడా తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు గిట్టేది కాదు.

మొదటి రోజు

తెనాలిలో నేను పదకొండేళ్ళు ప్లీడరుని. గొప్ప ప్లీడరునేం కాదు, అలాగని ఈగలు తోలుకునేవాణ్ణీ కాదు. మా ఆవిడ వసుంధరకు కోబాల్ వచ్చు. అది పాతకాలపు కంప్యూటర్ భాష. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడి ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడి, ఆ భాష వచ్చినవాళ్ళని ఏ మూల ఉన్నా పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. ఆమెకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఆమె వెంట నేనూ, మా అమ్మాయి సింధూ వచ్చాం. 'ఆధారపడినవారు' అని వీసా కాగితంలో ఉన్న జాబితాలో మొదటి పేరు నాది, రెండోది ఎనిమిదేళ్ళ మా అమ్మాయిది.

నా చదువు ఇక్కడ చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలి. నలభై రెండేళ్ళకు ఆ ఓపిక లేకపోయింది. పేపర్లో ఈ ఉద్యోగం ప్రకటన చూసి, కోర్టు గాలి పీల్చుకోవచ్చు కదా అని దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో జడ్జి గారు ఒకటే ప్రశ్న అడిగారు: "చాలాసేపు నిలబడగలవా?" తెనాలి కోర్టులో వాయిదా కోసం నిలబడిన వాణ్ణి, నిలబడలేనా?

మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాను. ఆయన వచ్చి కూర్చున్నా ఇద్దరు లాయర్లు గుసగుసలాడుకుంటున్నారు. మన డఫేదారు అలవాటు నోటికొచ్చి, "ష్ష్! సైలెన్స్!" అని గట్టిగా అరిచాను. హాలు హాలంతా బిగుసుకుపోయింది. ఆయన కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి ఊరుకున్నారు. తరవాత తన గదిలో అన్నారు: "శేష్, ఏడేళ్ళ నుంచి ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. వాళ్ళు నిజంగా నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. చాలా సంతోషం. ఇంకెప్పుడూ చెయ్యకు."

శేషగిరి అన్న నా పేరును ఆ రోజే సగానికి కోసేశారు. నేను ఆయన్ని 'జడ్జ్' అని పిలవాలి, సర్ అనకూడదు. ఆ 'సర్' మింగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఆయన పద్ధతి

ఆయన గోధుమలు పండించే రైతు కొడుకు. చేతులు చూస్తే ఇంకా రైతువే. రోజూ ఒకటే తిండి, జున్నూ టమాటా పెట్టిన శాండ్‌విచ్. వసుంధర పెట్టిన గోంగూర పచ్చడి ఒకసారి ఆ శాండ్‌విచ్‌లో రాసి ఇచ్చాను. తిని, కళ్ళు తుడుచుకుని, "మీ ఆవిడ మీద కేసు పెట్టొచ్చా?" అన్నారు. మర్నాడు ఆ సీసా ఎక్కడని ఆయనే అడిగారు.

కంప్యూటర్ ముట్టుకునేవారు కాదు. కొత్త సంవత్సరం వస్తోంది, కంప్యూటర్లన్నీ ఇలా ఆపండి, అలా దాచండి అని ఆఫీసు నుంచి రోజుకో కాగితం వస్తుంటే, తన ఇంకు పెన్ను ఎత్తి చూపించి, "ఇది ఏ సంవత్సరమో దీనికి ఇంతవరకూ తెలియదు" అనేవారు.

తీర్పు రాశాక ఆయన చేసే పని ఒకటుంది. నన్ను కూర్చోబెట్టకుండా, కిటికీ దగ్గర నిలబెట్టి, మొత్తం పైకి చదివేవారు. నాకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ చెయ్యెత్తాలి. ఎత్తితే ఆ పేరా కొట్టేసి మళ్ళీ రాసేవారు. లా చదివినవాణ్ణి కాబట్టి నాకు అర్థం కాకపోవడం నామోషీ అనుకుని మొదట్లో ఎత్తేవాణ్ణి కాదు. అది ఆయన కనిపెట్టేశారు. "నువ్వు లాయరువని మర్చిపో. గెలిచినవాడు తీర్పు చదవడు శేష్. చివరి లైను చూసుకుని ఇంటికి పోతాడు. నేను రాసేది ఓడిపోయినవాడి కోసం. తను ఎందుకు ఓడిపోయాడో వాడికి తెలియాలి" అన్నారు. ఆ మాట కోసం నేను ఆయన బూట్లు కూడా మోసేవాణ్ణి.

ఆయనలో లోపాలు లేవని కాదు. తడబడే కుర్ర లాయర్ల మీద విసుక్కునేవారు. ఒకమ్మాయి మొదటి కేసులో పేజీ నంబరు తప్పు చెబితే అంత మందిలో చురక వేశారు. గదిలోకి వచ్చాక నేను నీళ్ళ గ్లాసు కాస్త గట్టిగా బల్ల మీద పెట్టాను. ఆయన గ్లాసు వంక చూసి, ఒక చీటీ మీద క్షమాపణ రాసి, "నువ్వే ఇచ్చిరా" అన్నారు. జడ్జి గారు ఒక జూనియర్‌కి క్షమాపణ రాయడం మా తెనాలిలో ఎవరికైనా చెబితే నన్ను పిచ్చివాడంటారు.

పులిహోర వరుస

ఇక నా సంగతి. మెల్‌బోర్న్ శివార్లలోని కేరమ్ డౌన్స్ గుడిలో ఒక మిత్రుడు నన్ను ఎవరికో పరిచయం చేస్తూ, "మన శేషగిరి గారు, సుప్రీంకోర్టు" అని ఆగిపోయాడు. మిగతాది అవతలివాళ్ళు పూరించుకున్నారు. మనకు సుప్రీంకోర్టంటే ఢిల్లీలో ఉండే ఆ ఒక్కటే. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒక సుప్రీంకోర్టు ఉంటుందనీ, అన్నింటికీ పైన ఉండేది హైకోర్టనీ కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు, నెల తిరిగేసరికి నేను 'జడ్జి గారు' అయిపోయాను.

కాదని చెప్పలేదు. అవునని కూడా చెప్పలేదు, అదొక్కటే నా సమర్థన. ప్రసాదం దగ్గర నాకు వరుసలో ముందు చోటిచ్చేవారు. పులిహోర చాలా బాగుండేది.

వసుంధర మాత్రం హెచ్చరించింది. "ఏవండీ, తలుపు తీయడంలో తప్పేముంది? నేను రోజంతా తేదీలు దిద్దుతున్నాను. అదేమన్నా గొప్ప పనా? చెప్పెయ్యండి" అంది. "సమయం వచ్చినప్పుడు చెబుతాలే" అన్నాను. సమయం ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికే వచ్చింది.

ఆదివారం

వచ్చినతను ప్రసాద్. చీరాల మనిషి, క్లేటన్‌లో నలుగురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటూ ప్రోగ్రామర్‌గా చేస్తున్నాడు. గుడిలో ముఖపరిచయం. చేతిలో యాపిల్ పళ్ళ సంచి, కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

అతని బావమరిది మురళి నాలుగు రోజుల కిందట వానలో ఆఫీసుకి వెళుతూ కారు ప్రమాదంలో పోయాడు. ముప్పై ఏళ్ళు. ఏడాది కిందటే సుజాత అనే అమ్మాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఫిజీలో పుట్టిన తెలుగుపిల్ల. అక్కడ గొడవలయ్యాక వాళ్ళ కుటుంబం ఇక్కడికి వచ్చేసింది. ఆమెకు ఇప్పుడు ఏడో నెల. దహనం ఇక్కడే, మంగళవారం జరిపిస్తానంటోంది సుజాత. డాక్టర్లు ఆమెను విమానం ఎక్కవద్దన్నారు. కాదు, శరీరాన్ని చీరాల పంపాలంటాడు ప్రసాద్. ఆ గొడవే సోమవారం పొద్దున మా కోర్టుకి వస్తోంది.

"మా ఆవిడ వాడికి అక్క కాదండీ, అమ్మే" అన్నాడు ప్రసాద్. "వాడికి రెండేళ్ళప్పుడే వాళ్ళమ్మ పోయింది. మా ఇంటికి కాపరానికొచ్చేటప్పుడు వాణ్ణి వెంటపెట్టుకునే వచ్చిందండీ. 'వీణ్ణి వదిలి రాను, మీకిష్టమైతేనే వస్తా' నంది. ఇప్పుడు అక్కడ అన్నం ముట్టుకోవట్లేదు. ఒక్కసారి వాడి మొహం చూడాలంటోంది. రేపు కేసు మీ దగ్గరకొస్తదో, మీ పక్క జడ్జి గారి దగ్గరకొస్తదో... ఒక్క మాట వేస్తే చాలండీ."

నేను చెప్పవలసినవి రెండే మాటలు. 'నేను జడ్జిని కాను.' 'ఈ కేసు గురించి నాతో మాట్లాడకూడదు.' రెండూ గొంతు దాకా వచ్చాయి. పళ్ళ సంచి, వాచిన కళ్ళు, 'జడ్జి గారూ' అన్న ఆ పిలుపు. "చూద్దాం ప్రసాద్ గారూ" అన్నాను.

అతను నా చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వసుంధర నన్ను చూసిన చూపు చెప్పలేను. సింధు సోఫాలోంచి తల కూడా ఎత్తకుండా, "డాడీ, వై కుడ్‌న్ట్ యూ జస్ట్ సే నో?" అంది.

గౌను

సోమవారం పొద్దున జడ్జి గారి గదిలో గౌను పట్టుకున్నాను. ఆయన ఒక చెయ్యి దూర్చారు. ఆ ఫైలు బల్ల మీద ఉంది. అందులో అక్క గురించి రెండు లైన్లే ఉన్నాయని నాకు తెలుసు. చెప్పకూడదని కూడా తెలుసు. "జడ్జ్, ఆ కుర్రాణ్ణి పెంచింది అక్క. మా వాళ్ళలో..." అని మొదలుపెట్టాను.

దూర్చిన చెయ్యి ఆయన బయటికి తీసేశారు. "ఇది ఈ కాగితాల్లో ఉందా?"

"లేదు."

"నీకెవరు చెప్పారు?"

చెప్పాను. ఆదివారం, పళ్ళు, చూద్దాం, గుడి, పులిహోర, అన్నీ చెప్పాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. మొత్తం తన చేత్తో రాసుకుని, "ఇది నేను హాల్లో అందరి ముందూ చదవాలి. నువ్వక్కడే నిలబడి ఉంటావు. నీకు కష్టంగా ఉంటుంది. కానీ ఇంకో దారి లేదు" అన్నారు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

తలుపు కొట్టాను, కేక వేశాను, నా చోట నిలబడ్డాను. మొదటి వరుసలో ఉన్న ప్రసాద్ నన్ను చూశాడు. జడ్జి గారి వెనక నీళ్ళ కూజా పట్టుకుని ఉన్న నన్ను. అతని మొహం ఎర్రబడి, తరవాత తెల్లబడింది.

జడ్జి గారు చదివారు. తన మనిషి ఒకడు ఒక పక్షం వారిని ఇంట్లో కలిశాడనీ, వారి మాటలు తన చెవిన వేశాడనీ, అది తప్పనీ, ఎవరికి అభ్యంతరమున్నా తాను తప్పుకుంటాననీ చెప్పారు. ఖాళీగా ఉన్న ఇంకో జడ్జి అప్పటికి లేరు. తప్పుకుంటే గురువారం దాకా విచారణ లేదు. అంతవరకూ మురళి శవాగారంలోనే.

సుజాత వకీలు ఆమె వైపు వంగి అడుగుతున్నాడు. ఆమె అతన్ని ఆపి, రెండు చేతులూ బెంచీకి ఆనించి తనే లేచి నిలబడి ఇంగ్లీషులో చెప్పింది.

"నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకటి చెప్పాలి. నిన్న సాయంత్రం ప్రసాద్ అన్నయ్యకి ఫోన్ చేశాను. వదినతో ఒక్కసారి మాట్లాడించమని అడిగాను. 'మేం జడ్జి గారితో మాట్లాడుకున్నాం, ఇంక నీతో మాటల్లేవు' అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ వదిన నాతో మాట్లాడలేదు. కోపం ఉంటే ఉండనీ. కానీ ఆవిడ ఏమనుకుంటోందో ఆవిడ నోటితో నేను వినాలి. మీరందరూ చెప్పేది వద్దు."

నేనన్న ఒక్క 'చూద్దాం' ఆ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య గోడైంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా నాయనమ్మ అంటుంటే, నోరు జారడమంటే తిట్టడమే అనుకునేవాణ్ణి.

జడ్జి గారు కోర్టును అరగంట వాయిదా వేశారు. జ్యూరీ గదిలో ఫోనుందనీ, ప్రసాద్ నంబరు కలిపి బయటికి రావాలనీ, లోపల ఆమె తప్ప ఇంకెవరూ ఉండకూడదనీ చెప్పారు. "నా టిప్‌స్టాఫ్ బయట కాపలా ఉంటాడు. తలుపుకు దూరంగా" అన్నారు.

నడవాలో

చీరాలలో అప్పుడు తెల్లవారుతోంది. నడవాలో ప్రసాద్ నా ఎదురుగా నిలబడ్డాడు.

"మీరు జడ్జి కాదా?"

"కాదు. జడ్జి గారికి తలుపు తీసే మనిషిని."

ఒక తెలుగువాడితో తెలుగులో ఆ మాట అనడం నాకదే మొదటిసారి. అతను కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"ఆ మాట నిన్ననే చెప్పుంటే అయిపోయేది కదండీ" అన్నాడు. "మా వకీలు ముందే చెప్పాడు, భార్యకే హక్కుంటది, ఆ అమ్మాయితో మంచిగా మాట్లాడుకోండి అని. మీరున్నారన్న ధైర్యంతో నేనే వినలేదు. అది సరైన పెళ్ళే కాదని కాగితం మీద రాయించా. కడుపుతో ఉన్న పిల్ల గురించి అట్లా రాయించా."

పిల్లలూ, మీరడిగిన సలహా ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. కోర్టులో పనిచేసేవాడికి లంచం పెద్ద ప్రమాదం కాదు. లంచం ఇచ్చేవాణ్ణి చూస్తే మనకే ఒళ్ళు మండుతుంది. ప్రమాదమంతా మొహమాటం. మనవాడు, కష్టంలో ఉన్నాడు, గుమ్మం దాకా వచ్చాడు, కాదని ఎలా అనడం? అనాలి. మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, కాదనాలి. ఆశ పెట్టి పంపడం మర్యాద కాదు. నేను నలభై నాలుగేళ్ళకు నేర్చుకున్నాను, మీరు కాస్త ముందే నేర్చుకోండి.

అరగంట అన్నది గంటయింది. జడ్జి గారు కబురు పెట్టలేదు. సుజాత బయటికి వచ్చేసరికి కొంగు తడిసిపోయి ఉంది. ప్రసాద్‌తో, వాళ్ళ అవ్వ నేర్పిన తెలుగులో, ఆగి ఆగి చెప్పింది. "వదిన వస్తాది. నేను దహనం ఆపుతాను. ఎన్ని రోజులైనా ఆపుతాను. చీరాల పంపను. వదిన కూడా వద్దన్నాది."

అక్క వచ్చేవరకూ దహనం ఆపుతామని సుజాత వైపువాళ్ళు, శరీరాన్ని చీరాల తీసుకువెళ్ళబోమని ప్రసాద్ వైపువాళ్ళు కోర్టుకు మాటిచ్చారు. వీసా కోసం రెండు పక్షాల వకీళ్ళూ కలిసి ఉత్తరం రాశారు. జడ్జి గారు తీర్పు కోసం రాసుకున్న చిత్తు కాగితాలు చింపి బుట్టలో వేశారు. ఆ రోజు నాకు చదివి వినిపించలేదు.

సాయంత్రం రాజీనామా కాగితం ఆయన ముందు పెట్టాను. చదివి, వెనక్కి తోశారు. "నువ్వు చేసింది పెద్ద తప్పు. అడగ్గానే ఏమీ దాచకుండా చెప్పావు. నేను ఈ వృత్తిలో చాలామందిని చూశాను శేష్, వాళ్ళకు అంతకంటే ఎక్కువ సమయం పట్టేది." తరవాత, "ఆ గుడివాళ్ళకు నిజం చెప్పు" అన్నారు. ఆ తరవాతి ఆదివారమే చెప్పాను. వరుసలో వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం, "అమ్మయ్య, ఇక మీతో మామూలుగా మాట్లాడొచ్చు" అన్నారు.

ఆ శుక్రవారం

మురళి పోయిన పదో రోజు, శుక్రవారం పొద్దున, అక్క వచ్చింది. దహనం ఆ రోజే. దహనం రోజు జడ్జి గారు నాకు సెలవిచ్చారు. "నా మనిషిగా వెళ్ళకు. వాళ్ళ మనిషిగా వెళ్ళు" అన్నారు. నన్ను చూస్తే ప్రసాద్ ఏమంటాడోనని భయపడుతూనే వెళ్ళాను. అతను పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

అక్క సన్నగా, పొట్టిగా ఉంది. విమానంలో కట్టుకున్న చీరే. మురళి మొహం చాలాసేపు చూసింది. జుట్టు సరిచేసింది. ఏడవలేదు. సుజాత రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోలేదు. ఫోనులో గంటసేపు మాట్లాడుకున్నవాళ్ళు, ఎదురుపడేసరికి ఇద్దరికీ మాట పడిపోయింది.

ఇక్కడ చితి ఉండదు. ఒక మీట నొక్కితే పెట్టె లోపలికి వెళుతుంది. ఆ మీట ఎవరు నొక్కాలన్న దగ్గర పెద్దలు గొణగడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు కర్మ చేయకూడదు, అందులోనూ కడుపుతో ఉన్న పిల్ల అసలు ఇక్కడికే రాకూడదు, బావ ఉన్నాడు కదా, అతనే చేస్తాడు. ప్రసాద్ ముందుకు రాబోయాడు. సుజాత తల వంచుకుని వెనక్కి తగ్గింది.

అప్పుడు అక్క నోరు తెరిచింది. "ఏమే, ఎక్కడికి పోతున్నావ్? ఇట్లా రా."

సుజాత కదల్లేదు. అక్కే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని మీట దగ్గరికి తీసుకొచ్చింది. పెద్దల వైపు తిరిగి, "వాణ్ణి పెంచింది నేను. వాడు కట్టుకున్నది దీన్ని. మా ఇద్దరికీ లేని హక్కు ఇంకెవరికుందో చెప్పండి" అంది. సుజాత చేతిని మీట మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కింది. పెట్టె కదిలాక ఆ ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి ఏడ్చిన ఏడుపు విని నేను బయటికి వచ్చేశాను.

సోమవారం గౌను పట్టుకున్నాను. ఆయన చెయ్యి దూర్చకుండా అడిగారు. "ఆవిడ సమయానికి వచ్చిందా?"

వచ్చిందని చెప్పాను. మీట సంగతి చెప్పాను. ఎవరి చెయ్యి కింద ఉందో, ఎవరి చెయ్యి పైన ఉందో చెప్పాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి వైపు చూశారు. కింద ట్రామ్ ఒకటి వచ్చి ఆగి, వెళ్ళిపోయింది.

"అలాంటి ఉత్తర్వు ఇవ్వడం నాకు చేతనయ్యేది కాదు శేష్" అని, గౌనులోకి చెయ్యి దూర్చారు.